టెన్షన్ పడుతున్నదెవరు? పెడుతున్నదెవరు?

"టెన్షన్ పడొద్దమ్మా, బిడ్డకు మంచిది కాదు."

గర్భిణులను పరీక్షించే గదుల్లో రోజూ వినిపించే మాట ఇది. కొన్ని నెలల క్రితం మా అక్క కూతురికి తోడుగా ఒక ప్రసూతి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నేనూ విన్నాను. ఆమెకు అప్పుడు ఏడో నెల. ఉదయం ఏడు గంటలకు వరుసలో నిలబడితే పదకొండున్నరకు పిలుపు వచ్చింది. లోపల గడిపింది రెండు నిమిషాలు. రక్తపోటు కాస్త ఎక్కువగా ఉందన్నారు, మాత్రలు రాశారు, చివరన ఆ ఒక్క మాట చెప్పి పంపించారు. ఆ అమ్మాయి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, నా వైపు చూసి అన్నది: "మామూ, టెన్షన్ నేను పడుతున్నానా? వాళ్లు పెడుతున్నారు గదా!"

'వాళ్లు' అంటే ఎవరో నాకు తెలుసు. అంతకు పది రోజుల ముందు అర్ధరాత్రి వాళ్ల బస్తీని పోలీసులు చుట్టుముట్టి ఇంటింటి తలుపూ కొట్టారు. కాగితాలు చూపించమని ఆమె భర్తను నడిరోడ్డు మీద నిలబెట్టి తెల్లవారాక వదిలారు. ఆ రాత్రి నుంచి వీధిలో బూట్ల చప్పుడైతే ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నది. ఇంటి యజమాని రెండు నెలల్లో ఖాళీ చేయమన్నాడు. అత్తగారింట్లో జహేజ్ బకాయి మాట ఇంకా చల్లారలేదు. ఇన్ని బరువులు మోస్తున్న మనిషికి వైద్యశాస్త్రం ఇచ్చిన మందు: టెన్షన్ పడొద్దు!

'పడటం', 'పెట్టడం' అనే రెండు క్రియల మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాస విషయం. గర్భంతో ఉన్న తల్లి మనసు మీద పడే ఒత్తిడి ఆమె పేగుల్లోని సూక్ష్మజీవుల వరకు, అక్కడి నుంచి బిడ్డ మనసు వరకు చేరవచ్చునని గత ఇరవై ఏళ్లుగా శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఈ జ్ఞానాన్ని ఎవరి మీద గురిపెడతాం? తల్లి మీదనా? తల్లిని నలిపేస్తున్న వారి మీదనా?

శాస్త్రం చెబుతున్నదేమిటి?

మన పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియా కాపురముంటుంది. అవి తిన్నది అరగడానికి తోడ్పడతాయి, కొన్ని విటమిన్లను తయారుచేస్తాయి, శత్రువెవరో మిత్రుడెవరో రోగనిరోధక వ్యవస్థకు నేర్పుతాయి. అవి విడుదల చేసే రసాయనాలు రక్తం ద్వారా, పేగును మెదడుతో కలిపే వాగస్ నాడి ద్వారా మెదడుకు సంకేతాలు పంపుతాయి. పుట్టబోయే బిడ్డ పేగుల్లో ఈ జనాభా దాదాపు ఉండదు. కాచిన పాలలో తోడు వేసినట్లుగా తల్లే దాన్ని బిడ్డకు అందిస్తుంది. ప్రసవ సమయంలో జననమార్గం నుంచి, పేగు నుంచి కొంత, ఆ తరువాత చర్మం నుంచి, చనుబాల నుంచి మరికొంత బిడ్డకు చేరుతుంది.

భయం, దుఃఖం, ఆందోళన దీర్ఘకాలం వెంటాడినప్పుడు శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువవుతుంది. తల్లికీ బిడ్డకూ మధ్యనున్న మాయలో ఒక ఎంజైము ఈ కార్టిసాల్‌లో చాలా భాగాన్ని నిర్వీర్యం చేసి బిడ్డను కాపాడుతుంది. ఒత్తిడి విడవకుండా సాగితే ఆ కాపలా సడలవచ్చునని పరిశోధనలు సూచిస్తున్నాయి. అదే ఒత్తిడి తల్లి శరీరంలోని సూక్ష్మజీవుల పొందికను కూడా మారుస్తుంది. అంటే తోడు మారుతుంది.

2004లో అమెరికాలో మైకేల్ బెయిలీ, క్రిస్టఫర్ కో తదితరులు కోతుల మీద చేసిన పరిశోధన ఈ దారిలో మొదటి మైలురాళ్లలో ఒకటి. గర్భంతో ఉన్న కోతులకు ఊహించని సమయాల్లో పెద్ద శబ్దాలు వినిపించి అవి ఉలిక్కిపడేలా చేశారు. కొట్టలేదు, పస్తులుంచలేదు. వాటికి పుట్టిన పిల్లల పేగుల్లో లాక్టోబాసిల్లై, బైఫిడోబాక్టీరియా అనే మేలుచేసే బాక్టీరియా తక్కువగా కనిపించింది. అర్ధరాత్రి తలుపు మీద లాఠీ చప్పుడు విన్న గర్భిణికి ఈ ప్రయోగం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అదే ఏడాది జపాన్‌లో నొబుయుకి సూడో బృందం, పుట్టుకతో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలను పరిశీలించింది. కదలకుండా బంధించినప్పుడు వాటి శరీరాల్లో ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకల్లో కంటే చాలా ఎక్కువగా ఎగసిపడ్డాయి. చిన్న వయసులోనే మామూలు ఎలుకల సూక్ష్మజీవులను అందిస్తే ఆ స్పందన సర్దుకుంది. వయసు మీరాక అందిస్తే సర్దుకోలేదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో తమర్ గుర్ బృందం 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, గర్భంలో ఉండగా తల్లి ఒత్తిడికి గురైతే ఆడ ఎలుక పిల్లలు పెద్దయ్యాక బెదురు లక్షణాలు చూపాయి. వాటి పేగు బాక్టీరియాలోనూ తేడాలు కనిపించాయి.

మనుషుల సంగతి? నెదర్లాండ్స్‌లో కరోలినా ద వీర్ట్ బృందం 2015లో 56 మంది శిశువుల మలాన్ని పుట్టినప్పటి నుంచి 110 రోజుల వయసు వరకు పరీక్షించింది. గర్భకాలంలో ఎక్కువ ఆందోళన, ఎక్కువ కార్టిసాల్ ఉన్న తల్లుల పిల్లల్లో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా, బైఫిడోబాక్టీరియా తక్కువగానూ, వాపును ప్రేరేపించగల జాతులున్న ప్రోటియోబాక్టీరియా ఎక్కువగానూ ఉన్నట్లు తేలింది. ఆ పిల్లల్లో కడుపు సమస్యలు, అలర్జీ లక్షణాలు కూడా ఎక్కువగా నమోదయ్యాయి. శిశువు పేగు బాక్టీరియాకూ కొన్ని నెలల తరువాత కనిపించే స్వభావానికీ సంబంధం ఉన్నట్లు ఫిన్లాండ్‌లోని మరో పెద్ద అధ్యయనం చూపింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఎలుకల్లో ఒకటి మారిస్తే మరొకటి మారిందని చూపగలిగారు. మనుషుల్లో ఇప్పటికి కనిపిస్తున్నది సంబంధమే. కారణం ఇదేనని తేల్చిన రుజువు కాదు. గర్భకాలంలో ఏడ్చిన ప్రతి తల్లికీ దిగులు బిడ్డ పుడుతుందని ఏ శాస్త్రమూ అనలేదు. ఎవరైనా అలా అంటే వారు చెబుతున్నది శాస్త్రం కాదు, జోస్యం.

మూడు వక్రభాష్యాలు

ఇంత జాగ్రత్తగా చెప్పవలసిన విషయాన్ని మన చుట్టూ మూడు విధాలుగా వంకర తిప్పుతున్నారు.

మొదటిది, తల్లిని ముద్దాయిని చేయడం. బిడ్డ నల్లగా పుడితే తల్లి తిన్నది కారణం, ఆడబిడ్డ పుడితే తల్లి కారణం, బిడ్డ ఏడిస్తే తల్లి పాలు కారణం. ఇప్పుడు పేగు బాక్టీరియా పేరుతో మరో నేరం ఆ ఖాతాలో చేరుతున్నది: 'నువ్వు ఆందోళన పడ్డావు కాబట్టి బిడ్డ ఇలా అయ్యాడు.' భయపడవద్దని బెదిరించడమంటే ఇదే. తన దిగులు బిడ్డకు తగులుతుందేమోనన్న కొత్త దిగులుతో ఆ తల్లి ఇంకో రాత్రి నిద్ర పోగొట్టుకుంటుంది.

రెండోది, అమ్మకం. 'గర్భిణుల కోసం ప్రోబయోటిక్' అంటూ డబ్బాలు దుకాణాల్లో వరుస కడుతున్నాయి. ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో అత్యంత ముఖ్యమైన ఒకటి ఈ వ్యాపారానికి చేదు నిజం చెబుతున్నది. ట్రేసీ బేల్ నాయకత్వంలో ఎల్డిన్ యషరెవిచ్ తదితరులు 2018లో ప్రచురించిన ప్రయోగమది. ఒత్తిడికి గురైన తల్లి ఎలుకల జననమార్గ బాక్టీరియాను, ఒత్తిడి లేని తల్లులకు శస్త్రచికిత్సతో పుట్టిన పిల్లలకు ఇచ్చారు. ఒత్తిడి గర్భంలో పెరిగిన మగపిల్లల్లో కనిపించే మార్పులు కొంతవరకు వీటిలోనూ కనిపించాయి. మరి దీన్ని తిరగేస్తే? ఒత్తిడి గర్భంలో పెరిగిన పిల్లలకు ఆరోగ్యంగా ఉన్న తల్లుల బాక్టీరియాను ఇచ్చి చూశారు. జరిగిన నష్టం పూడలేదు. తొమ్మిది నెలలు భయంలో ఉంచి చివరన ఒక పొట్లం చేతిలో పెడితే సరిపోదని ఆ చిట్టెలుకలు చెప్పాయి. పెరుగు, మజ్జిగ, గంజి, పప్పు, ఆకుకూరలు తినమనండి, మంచిదే. కానీ ఒత్తిడికి విరుగుడు ఒత్తిడిని తొలగించడమే.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. 'పేద బస్తీల పిల్లలు పుట్టుకతోనే దెబ్బతిన్నవాళ్లు, వాళ్ల స్వభావమే అంత' అనే ముద్ర. ఒకప్పుడు రక్తం పేరుతో, తరువాత జన్యువుల పేరుతో వేసిన ముద్రనే రేపు బాక్టీరియా పేరుతో వేస్తారు. మన పిల్లల మీద ఆ ముద్ర పడనివ్వకూడదు. తోడు వేస్తే పాలు పెరుగవుతాయి, ఇక పాలు కావు. బిడ్డ అలా కాదు. పేగుల్లోని జనాభా మొదటి రెండు మూడేళ్లూ మారుతూనే ఉంటుంది. చనుబాలతో, తిండితో, ఒడితో, ఆటతో మెదడు ఎదుగుతూనే ఉంటుంది. ఇంకో వాస్తవం కూడా గుర్తుంచుకోవాలి. ఎన్ని కొరతల మధ్య బతుకుతున్నా ముస్లింలలో శిశు మరణాల రేటు దేశ సగటు కంటే కొంత తక్కువగా ఉందని 2006 నాటి సచార్ కమిటీ నివేదికే నమోదు చేసింది. మన తల్లులు దెబ్బతిన్న వస్తువులు కారు. దెబ్బలు తింటూ కూడా బిడ్డలను బతికించుకుంటున్నవాళ్లు.

బరువు పెట్టిందెవరు?

'ఒత్తిడి వ్యక్తిగత విషయం, దానికీ రాజ్యానికీ సంబంధమేమిటి?' అనేవారికి రెండు ఉదాహరణలు చెబుతాను. ఈ రెండింటిలో కొలిచింది బాక్టీరియాను కాదు, అంతకంటే సులువుగా తూచగలిగిన శిశువుల బరువును.

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో అరబ్బులు, ముస్లింల మీద అనుమానపు చూపులు, వేధింపులు పెరిగాయి. కాలిఫోర్నియాలో ఆ తరువాతి ఆరు నెలల్లో జరిగిన జననాల రికార్డులను డయాన్ లాడర్‌డేల్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. అరబ్బీ పేర్లున్న తల్లులకు తక్కువ బరువుతో శిశువులు పుట్టే ప్రమాదం, అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే, సుమారు మూడో వంతు పెరిగింది. ఇతర సముదాయాల తల్లుల్లో అలాంటి పెరుగుదల కనిపించలేదు. ఆ తల్లులు చేసిన నేరం ఏమిటి? వారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు.

రెండోది 2008 మే 12న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జరిగింది. పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లోని మాంసం కర్మాగారం మీద వలస అధికారులు దాడి చేసి 389 మందిని అరెస్టు చేశారు. ఆ తరువాతి నెలల్లో ఆ రాష్ట్రమంతటా లాటినో తల్లులకు తక్కువ బరువు శిశువులు పుట్టే ప్రమాదం, ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే, 24 శాతం ఎక్కువగా నమోదైంది. అమెరికాలోనే పుట్టి పౌరసత్వం ఉన్న తల్లులకూ ఆ దెబ్బ తగిలింది. దాడి జరిగింది ఒక ఊళ్లో. భయం పాకింది రాష్ట్రమంతా. బరువు తగ్గింది ఇంకా పేరైనా పెట్టని పసికందులకు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత హైదరాబాదు పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వారిని చిత్రహింసలు పెట్టిన గుర్తులు అప్పటి రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది నివేదికలోనే నమోదయ్యాయి. కేసులు మోపిన వారిని న్యాయస్థానాలు నిర్దోషులుగా వదిలాయి. నిర్దోషి అని తీర్పు వచ్చేదాకా ఆ ఇళ్లలో తల్లులు, భార్యలు గడిపిన రాత్రులకు లెక్క ఎవరి దగ్గర ఉంది? వారిలో కడుపుతో ఉన్నదెవరో ఏ రిజిస్టరులో రాశారు?

2020 ఏప్రిల్‌లో ఢిల్లీలో జామియా విద్యార్థిని సఫూరా జర్గర్‌ను గర్భవతిగా ఉండగా అరెస్టు చేసి, కరోనా కాలంలో తీహార్ జైలులో ఉంచారు. మానవతా దృష్టితో అభ్యంతరం లేదని ప్రభుత్వ న్యాయవాది చెప్పాకే, జూన్ 23న ఢిల్లీ హైకోర్టు బెయిలు ఇచ్చింది. ఈలోగా ఆమె గర్భం గురించి సామాజిక మాధ్యమాల్లో రాసిన రాతలు చదివిన వారెవరూ మరచిపోలేరు. ఇళ్ల కూల్చివేతల మీద 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, రాత్రికి రాత్రి స్త్రీలు, పిల్లలు, వృద్ధులు వీధిన పడే దృశ్యం తగనిదని బాధపడింది. 15 రోజుల ముందు నోటీసు తప్పనిసరి చేసింది. ఆ తీర్పు రాకముందు కూలిన ఇళ్లలోని గర్భిణులకు ఏ వైద్యుడు 'టెన్షన్ పడొద్దు' అని చెప్పగలిగి ఉండేవాడు?

పోలీసు తలుపు తట్టినప్పుడే రాజ్యం ఒత్తిడి పెడుతుందని కాదు. చేయవలసినది చేయకుండా కూడా పెడుతుంది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రభుత్వోద్యోగుల వంటి వారు మినహా ప్రతి గర్భిణికీ ₹6,000కు తగ్గకుండా ప్రసూతి సహాయాన్ని హక్కుగా ప్రకటించింది. 2017లో వచ్చిన మాతృ వందన యోజన ఆ హక్కును మొదటి కాన్పుకు, ₹5,000కు కుదించింది. 2022లో సవరించి, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఇస్తామన్నారు. రెండోసారి కడుపుతో ఉండి మగబిడ్డను కన్న తల్లికి ఆకలి వేయదా? 2017లో 26 వారాలకు పెంచిన ప్రసూతి సెలవు, నిజామాబాదులో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే తల్లికి కాగితం మీది వార్త మాత్రమే. నెలలు నిండేదాకా వేళ్లు ఆడాలి, కాన్పైన నెలకే మళ్లీ చేట ఒడిలోకి రావాలి. చనుబాలలోని ప్రత్యేక చక్కెరలే బైఫిడోబాక్టీరియాకు ఆహారమని శాస్త్రం చెబుతున్నది. బిడ్డకు పాలిచ్చే తీరికనే లాగేసుకుని, బిడ్డ పేగు ఆరోగ్యం గురించి ఉపన్యాసాలు ఇవ్వడం ఏ న్యాయం?

మరో అంకె చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. అవసరమైనప్పుడు సిజేరియన్ ప్రాణదాత, సందేహం లేదు. అవసరం లేనప్పుడు కోస్తే తల్లికి గాయం, ఇంటికి అప్పు, బిడ్డకు మొదటి రోజుల్లోనే తల్లి పేగు బాక్టీరియా అందడంలో అంతరాయం. సిజేరియన్ శిశువుల పేగుల్లో తల్లి నుంచి రావలసిన కొన్ని జాతులు తొలి నెలల్లో తక్కువగా ఉంటాయని పలు దేశాల పరిశోధనలు చూపాయి. ఈ కోతల్లో నిజంగా అవసరమైనవెన్నో ప్రతి ఆసుపత్రీ లెక్క చెప్పాలి.

కాన్పు గదిలో వినిపించే మాటల సంగతి మన ఆడపడుచులను అడగండి. బురఖా చూసి 'ఇంకా ఎంతమందిని కంటారు?' అన్న ఎగతాళి, నొప్పులతో అరిస్తే తొడ మీద చరుపు. నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన ఇంటి మనిషి ఒకరు ఉండవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే ప్రభుత్వ ఆసుపత్రులకు అనుమతి ఇచ్చింది. అది ఎన్ని కాన్పు గదుల తలుపులు దాటింది?

మన గడప లోపలి నుంచి

వేలు బయటికే చూపించి ఊరుకుంటే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా అక్క కూతురు 'వాళ్లు' అన్నప్పుడు అందులో పోలీసులే లేరు, అత్తింటివారూ ఉన్నారు. కాన్పు ఖర్చు పుట్టింటిదేనని పేచీ పెట్టడం, స్కానింగు నుంచి వచ్చిన కోడలి ముఖంలో ఆడబిడ్డ జాడ వెతకడం, 'మా కాలంలో ఎనిమిదో నెలలోనూ బావి నీళ్లు తోడాం' అని దెప్పడం మన ఇళ్లలో లేవా? భర్త గల్ఫ్‌లో, నెలకొక ఫోను, ఇక్కడ నిండు గర్భిణి ఒక్కతే రేషన్ దుకాణం ముందు నిలబడటం కడప నుంచి జగిత్యాల దాకా మనం చూడటం లేదా? గర్భిణికి ధర్మం ఇచ్చిన ఉపవాస సడలింపును కూడా ఇరుగుపొరుగు నోటికి జడిసి వాడుకోలేని కోడళ్లు మన మధ్య లేరా?

హజ్రత్ మర్యం (అలైహస్సలాం) వృత్తాంతాన్ని ఈ కోణంలో ఒక్కసారి తలచుకోండి. ఒంటరిగా, లోకనిందకు భయపడుతూ, ప్రసవవేదనతో ఖర్జూర చెట్టు మొదట చేరిన ఆ తల్లి అంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండునని వాపోయింది. ఆమెకు దైవం నుంచి అందినది వట్టి ఓదార్పు మాట కాదు. కాళ్ల దగ్గర నీటి ఊట, చేతికందే తాజా ఖర్జూరాలు, ఆపైన జనానికి సంజాయిషీ చెప్పుకునే భారం నుంచి విముక్తి. నీరు, తిండి, నిందల నుంచి రక్షణ. గర్భిణి మనసును నెమ్మదింపజేయడమంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? ఆ సూరాను ఇంపుగా పఠించే మనం మన ఇంటి మర్యంలకు ఈ మూడింటిలో ఏది ఇస్తున్నాం?

మార్గం ఉంది

'ఇవన్నీ ఎలుకల ముచ్చట్లు, రుజువు కాని వాటి మీద ఉద్యమమా?' అని కొందరు అడుగుతారు. వారికి నా జవాబు ఒక్కటే. గర్భిణి నిద్రపోతున్న ఇంటి తలుపు అర్ధరాత్రి బాదకూడదని చెప్పడానికి ఎలుకల సాక్ష్యం అవసరం లేదు. కాన్పు గదిలో చరచకూడదని చెప్పడానికి బాక్టీరియా లెక్కలు అవసరం లేదు. అది ఆమె హక్కు. శాస్త్రం ఈ దావాలో అదనపు సాక్షి మాత్రమే. రేపు ఆ సాక్షి మాట మార్చినా దావా నిలుస్తుంది.

ఒత్తిడిని తగ్గించడం సాధ్యమేనని రుజువు మాత్రం గట్టిగా ఉంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో అతీఫ్ రహమాన్ బృందం, మన ఆశా కార్యకర్తల వంటి గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపింది. వాళ్లు మందులు ఇవ్వలేదు. కూర్చున్నారు, విన్నారు, అత్తగారినీ భర్తనూ మాటల్లో కలుపుకున్నారు. 903 మంది తల్లులు పాల్గొన్న ఆ పరిశోధన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి మామూలు సేవలు అందిన తల్లుల్లో 53 శాతం మంది ఇంకా తీవ్ర కుంగుబాటులోనే ఉండగా, ఈ కార్యకర్తలు వెళ్లిన ఇళ్లలో అది 23 శాతానికి తగ్గింది. మానసిక వైద్యుడు లేని పల్లెల్లో, పేద ఇళ్లలో సాధించిన ఫలితమిది. మన దేశంలో గోవాలోనూ ఈ పద్ధతిని తోటి స్త్రీల ద్వారా పరీక్షించారు. కేరళ ప్రభుత్వం 'అమ్మ మనసు' పేరుతో గర్భిణుల మానసిక ఆరోగ్యాన్ని ప్రసూతి సేవల్లో చేర్చింది. రెండు తెలుగు రాష్ట్రాలు ఎందుకు చేయలేవు?

అందుకే మనం అడగవలసినవి ఇవి.

ఒకటి: గర్భిణి కార్డులో బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్ రాసినట్లే నిద్ర, భయం, దిగులు గురించి కూడా ప్రతి సందర్శనలో అడిగి రాయాలి. ఉర్దూలోనూ తెలుగులోనూ మాట్లాడే కౌన్సెలర్లు ప్రతి ప్రసూతి ఆసుపత్రిలో ఉండాలి.

రెండు: బస్తీల్లో రాత్రివేళ సామూహిక సోదాలు ఆపాలి. కోర్టు ఆదేశంతో సోదా తప్పనిసరైతే మహిళా పోలీసులు ఉండాలి. గర్భిణి ఉన్న ఇంట పగటి వేళే జరగాలి.

మూడు: ఆహార భద్రతా చట్టం ఇచ్చిన ప్రసూతి సహాయం కాన్పుల లెక్క లేకుండా ప్రతి గర్భిణికీ అందాలి. బీడీ, జరీ, ఇంటిపని కార్మికులకు వేతనంతో కూడిన విశ్రాంతి దక్కాలి.

నాలుగు: కాన్పు గదిలో తోడు మనిషిని అనుమతించాలి. దుర్భాష మీద, చేయి చేసుకోవడం మీద ఫిర్యాదు చేసే వీలు, దాని మీద చర్య ఉండాలి. సిజేరియన్ల లెక్కలను, కారణాలతో సహా, ప్రతి ఆసుపత్రీ బయటపెట్టాలి.

ఐదోది మనకు మనం వేసుకోవలసిన డిమాండు. మసీదు కమిటీలు జకాత్, సదఖా నిధుల నుంచి అర్హులైన పేద గర్భిణుల ఆహారానికి, రవాణాకు కొంత కేటాయించాలి. జుమా ఖుత్బాలో భర్తలకు, అత్తమామలకు ఈ విషయం చెప్పాలి. ప్రతి బస్తీలో ఇద్దరు ముగ్గురు పెద్ద వయసు స్త్రీలు, భర్త ఊళ్లో లేని గర్భిణి ఇంటికి వారానికి ఒకసారి వెళ్లి కూర్చోవాలి. రావల్పిండిలో పనిచేసిన మందు అదే. దిగులు మరీ ముదిరితే టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చునని ప్రతి ఇంటికీ తెలియజేయాలి, తెలుగులోనూ మాట్లాడతారు.

పాఠక సోదరులారా, సోదరీమణులారా! రేపు మీ ఇంటి ఆడపడుచును ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు 'టెన్షన్ పడొద్దు' అన్న మాట మీకూ వినిపిస్తుంది. తల ఊపి వచ్చేయకండి. 'సరే డాక్టరుగారూ, ఆమెకు టెన్షన్ పెట్టేవాళ్లకు ఎవరు చెబుతారు?' అని అడగండి. తరువాత ఇంటికి వచ్చి ఆ పెట్టేవాళ్లలో మనమెంతమందిమో లెక్క చూసుకోండి. బయటివాళ్లతో పోరాడే హక్కు ఆ లెక్క తేల్చుకున్న వారికే ఉంటుంది.